జీఎస్ఎమ్ రెడ్ బ్లెండ్‌తో ఆదివారం విందు: ఏం వండాలి, ఏం వండకూడదు?

ద్రాక్షపందిరి | గురువారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మరిది పోయినసారి వచ్చినప్పుడు రెండు రెడ్ వైన్ సీసాలు ఇచ్చి వెళ్ళాడు. ఫ్రాన్స్‌లోని దక్షిణ రోన్ లోయవి. మూడు ద్రాక్షలు కలిపిన బ్లెండ్: వెనక చీటీ మీద గ్రెనాష్ 60, సిరా 25, మూర్వెద్ర్ 15 శాతం అని ఉంది. ఆల్కహాల్ 14.5 శాతం. ఈ ఆదివారం రాత్రి ఆరుగురం భోజనానికి కూర్చుంటాం, అప్పుడు తెరుద్దామని.

పోయినేడు ఇలాంటి సీసాతోనే నాకు చేదు అనుభవం అయింది. చేపల వేపుడు, బాగా కారం దట్టించిన మాంసం వండాను. చేప తిని గుక్క తాగితే నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టుంది. మాంసంతో తాగితే గొంతు భగ్గుమంది. వైన్ పాడైందనుకుని సగం సీసా తొట్టిలో పోశాను. ఇక్కడి పాత చర్చలు చదివాక, తప్పు వైన్‌ది కాదేమోనని అప్పటినుంచీ మనసులో పీకుతోంది.

ఆరుగురిలో మా ఆడపడుచు మాంసం ముట్టదు. మామగారికి కారం తగలకపోతే తిన్నట్టే ఉండదు. ఈసారి ఎవరూ గ్లాసు పక్కన పెట్టకూడదు. ఏం వండమంటారు?

మిరియాలగింజ | గురువారం, రాత్రి 9:40

అక్కా, వంటకం సంగతి తర్వాత. ముందు సీసాలో ఎవరెవరున్నారో చూద్దాం. జీఎస్ఎమ్ అంటే ఆ మూడు ద్రాక్షల పొడి అక్షరాలే.

గ్రెనాష్ తొక్క పలచన. రంగు తక్కువ, వగరు తక్కువ, చక్కెర మాత్రం దండిగా పడుతుంది. అందుకే ఆల్కహాల్ 14, 15కి సునాయాసంగా ఎక్కుతుంది. స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ పళ్ళ వాసన, నోట్లో గుండ్రంగా తిరిగే మెత్తదనం దీనివల్లే. ఒంటరిగా వదిలితే గాలి సోకి తొందరగా వడిలిపోయే గుణం ఉంది.

సిరా రంగునీ వగరునీ ఇస్తుంది. నల్ల మిరియాల వాసన, కాస్త పొగ వాసన కూడా దానివే. ఇది ఎక్కడో పర్షియా నుంచి వచ్చిందని చాలాకాలం కథలు చెప్పుకున్నారు. 1990ల చివర డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే అమ్మానాన్నలిద్దరూ ఫ్రాన్స్ వాళ్ళేనని తేలింది: మోందూజ్ బ్లాంష్ అనే తెల్ల ద్రాక్ష, ద్యురేజా అనే నల్ల ద్రాక్ష.

మూర్వెద్ర్ అన్నిటికంటే ఆలస్యంగా పండుతుంది. దానికి తల ఎండలో, కాళ్ళు నీళ్ళలో ఉండాలని దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ రైతుల మాట. తోలు వాసన, అడవి మాంసపు వాసన, గట్టి వగరు దాని సొత్తు. గాలికి తట్టుకుంటుంది కాబట్టి గ్రెనాష్‌కి కాపలా కాస్తుంది.

నీ సీసాలో గ్రెనాష్ 60. అంటే పెత్తనం పండుదీ మెత్తదనానిదీ. మిరియం, తోలు తాలింపు వరకే. వంట దాన్నిబట్టి ఎంచుకో.

మూడోగ్లాసు | గురువారం, రాత్రి 10:05

సిరాలో మిరియాల వాసన అని ప్రతిచోటా రాస్తారు. నేను ఆరేళ్ళుగా తాగుతున్నాను, ఒక్కసారీ తగల్లేదు. నా ముక్కు పనికిరాదేమోనని ఎవరినీ అడగలేదు.

వంటింటిచదువు | శుక్రవారం, ఉదయం 6:30

మూడోగ్లాసు గారూ, మీ ముక్కుకి ఏమీ కాలేదు. ఆ వాసనకి కారణం రోటుండోన్ అనే పదార్థం. మిరియాల్లో ఉన్నదే సిరా ద్రాక్ష తొక్కలోనూ ఉందని ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ వాళ్ళు 2008లో బయటపెట్టారు. అదే పనిలో వాళ్ళు ఇంకో సంగతి గమనించారు. పరీక్షకు కూర్చున్నవాళ్ళలో దాదాపు ఐదోవంతు మందికి, ఎంత గాఢంగా కలిపి ఇచ్చినా, ఆ వాసన అందలేదు. ముక్కుకీ ముక్కుకీ ఉండే తేడా అది. ఒకే బల్ల దగ్గర ఒకే వైన్ తాగుతూ ఒకరు మిరియం అంటారు, పక్కనున్నవారు పండు మాత్రమే అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక ద్రాక్షపందిరి, నీ సంగతి. చేపతో ఇనుప రుచి వచ్చిందన్నావే, ఆ మాట అక్షరాలా సరైనది తల్లీ. 2009లో జపాన్‌లోని మెర్షియన్ అనే వైన్ కంపెనీ పరిశోధకులు ఎండబెట్టిన స్కాలప్ గుల్లమాంసంతో రకరకాల వైన్లు రుచి చూపించారు. ఏ వైన్లో ఇనుము ఎక్కువుందో దానితో నీచు ఎక్కువ తేలింది. ఇనుము చేప కొవ్వుని తాకి, ఆ వాసన పదార్థాల్ని అప్పటికప్పుడు పుట్టిస్తుంది. రెడ్ వైన్లలో ఇనుము ఎక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే చేపకి రెడ్ పడదన్న పాత మాటలో సగం సత్యం ఉంది. మిగతా సగం ఏమిటంటే ఇనుము తక్కువున్న రెడ్ దొరికితే ఇబ్బంది రాదు. కానీ సీసా మీద ఎవరూ ఇనుము లెక్క రాయరు కదా, కాబట్టి ఆదివారం చేప వద్దు.

గొంతు మండటానికి కారణం వేరు. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తడుతుంది. ఆల్కహాల్ కూడా ఆ గ్రాహకాన్నే రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట రెట్టింపు. నీ వైన్ 14.5. పైగా గదిలో ఎండాకాలపు వేడికి ఉంచి పోసి ఉంటావు. సగం సీసా పారబోశావని చదివితే నా ప్రాణం ఉసూరుమంది.

ద్రాక్షపందిరి | శుక్రవారం, ఉదయం 7:15

అవును పిన్నిగారూ, అలమారలోంచి తీసి అలాగే పోశాను. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలని విన్నాను.

వంటింటిచదువు | శుక్రవారం, ఉదయం 7:32

ఆ గది యూరప్‌లో రాతి గోడల ఇల్లు, పొయ్యి ఆరిపోయిన సాయంత్రం. అంటే 16 నుంచి 18 డిగ్రీలు. నీ గది 28 ఉంటే ఆల్కహాల్ ముక్కుకి ముందే ఎక్కుతుంది, పండు వాసన వెనకబడుతుంది. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తియ్యి. గ్లాసులో ఎలాగూ కాసేపటికి వేడెక్కుతుంది.

నిదానపుసెగ | శుక్రవారం, ఉదయం 8:50

నా ఓటు గొర్రె భుజానికి. వేపుడు కాదు, నిదానంగా ఉడికించినది. ఆ వైన్ పుట్టిన చోట దీన్ని దోబ్ అంటారు. ఎక్కువచోట్ల గొడ్డుమాంసంతో చేస్తారు, అవిన్యోన్ వైపు గొర్రెమాంసంతో. నేను ఇరవై సార్లకు పైగా చేసి ఉంటాను. చెప్తాను, రాసుకోండి.

ఎముక తీసిన భుజం ఒకటిన్నర కిలో. ముక్కలు పెద్దవిగా, నిమ్మకాయంత కాదు, కోడిగుడ్డుకి కాస్త పెద్దగా కొయ్యాలి. చిన్నవి కోస్తే మూడు గంటల్లో పీచుపీచైపోతాయి. ఉల్లి, క్యారెట్, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, రెండు బిర్యానీ ఆకులు, థైమ్ అనే వాసన ఆకు నాలుగు రెమ్మలు, నారింజ తొక్క ఒక పట్టీ, లవంగాలు రెండు. అన్నీ కలిపి, మునిగేలా ఒక మామూలు రెడ్ పోసి రాత్రంతా నానబెట్టాలి. నారింజ తొక్క లోపలి తెల్లపొర తీసెయ్యండి, చేదు దిగుతుంది.

పొద్దున ముక్కలు తీసి తడి పూర్తిగా ఒత్తాలి. ఇది చాలామంది వదిలేసే పని. తడి ఉంటే ముక్క ఎర్రబడదు, ఉడుకుతుంది. నూనెలో కొన్ని కొన్నిగా ఎర్రబడేదాకా వేయించి, నానబెట్టిన వైన్ పోసి మరిగించి, మూతపెట్టి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర మూడు గంటలు. చివరి ఇరవై నిమిషాల్లో గింజ తీసిన నల్ల ఆలివ్‌లు. ఉప్పు ఆలివ్‌లు వేశాక చూసుకోవాలి, అవే ఉప్పు మోసుకొస్తాయి.

అక్కా, శనివారమే వండెయ్యి. చల్లారాక పైన పేరుకున్న కొవ్వు తీసి, ఆదివారం సన్నసెగ మీద వేడిచెయ్యి. మర్నాటి రుచే రుచి.

నాకున్న ఒక్క కఠిన నియమం: మిరపకాయ వద్దు. ఒక్కటి కూడా.

మిరియాలగింజ | శుక్రవారం, ఉదయం 9:20

అన్నా, వంట పద్ధతికి దండం. ఆ చివరి నియమం దగ్గరే నాకు పేచీ. మిరప అంటే మంట ఒక్కటేనా? ఎండబెట్టి పొగపెట్టిన ఎర్ర మిరప పొడి ఉంది, స్పెయిన్‌లో పిమెంతోన్ అంటారు, తియ్య రకంలో మంట దాదాపు ఉండదు. పొగ, తీపి, ఎర్ర రంగు. సిరాలోని పొగ వాసన దానికి చెయ్యందిస్తుంది. గ్రెనాష్, మూర్వెద్ర్ రెండూ స్పెయిన్‌లోనూ ఎప్పటినుంచో ఉన్నవే. అక్కడ గార్నాచా, మొనాస్త్రెల్ అంటారు. ఆ వైన్ల పక్కన ఆ పొడి వేసిన సాసేజ్‌లు తింటూనే ఉన్నారు వాళ్ళు. మామగారికి ఆ దారి మూసెయ్యకు.

నిదానపుసెగ | శుక్రవారం, ఉదయం 10:02

పొగపెట్టిన తియ్య పొడికి ఒప్పుకుంటాను. నేనన్నది పచ్చిమిర్చి, మండే ఎండుమిర్చి. తమ్ముడూ, "కాస్త మిరప పర్లేదు" అని రాస్తే చదివేవాళ్ళు పిడికెడు వేస్తారు. ఇక్కడే చూశాం.

శాకపాకం | శుక్రవారం, ఉదయం 11:45

ఆడపడుచు గారి సంగతి ఎవరూ ఎత్తలేదు. శాకాహారికి రెడ్ వైన్ బల్ల దగ్గర పక్క వంటకాలు రెండు విదిలించి సరిపెట్టడం నేను చాలాసార్లు అనుభవించాను. అందుకే ఇది కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాంసం రెడ్‌కి ఎందుకు పడుతుందో ముందు చూడాలి. వైన్‌లోని టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, నోరు ఆరినట్టు లాగుతుంది. మనం వగరు అనేది దాన్నే. తినేదాంట్లో ప్రొటీన్, కొవ్వు ఉంటే టానిన్‌కి పట్టుకోవడానికి వేరే ఆసరా దొరుకుతుంది, వగరు సద్దుమణుగుతుంది. ఆ పని మాంసం ఒక్కటే చెయ్యాలని ఎక్కడా లేదు. తెల్ల చిక్కుడు గింజలు చేస్తాయి, జున్ను (చీజ్ అన్నమాట) చేస్తుంది, ఆలివ్ నూనె, వాల్‌నట్లు చేస్తాయి. పైగా ఈ బ్లెండ్‌లో గ్రెనాష్ ఎక్కువ కాబట్టి అసలు వగరే మితంగా ఉంటుంది. శాకాహారికి ఇంతకంటే అనుకూలమైన రెడ్ తక్కువ.

నేను చేసేది వంకాయ. చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, నూనె పట్టించి ఓవెన్‌లో అంచులు నల్లబడేదాకా కాలుస్తాను. ఆ మాడు చేదు చాలా ముఖ్యం, సిరాలోని పొగకి అదే జోడీ. మధ్యలో గట్టిగా దగ్గరపడిన టొమాటో, వెల్లుల్లి, థైమ్. పైన మేకపాల జున్ను ముక్కలు. పక్కన సేజ్ ఆకుతో ఉడికించిన తెల్ల చిక్కుళ్ళు.

పుట్టగొడుగుల గురించి ఒక హెచ్చరిక. రెడ్‌కి పుట్టగొడుగులు బ్రహ్మాండం అని అందరూ అంటారు. వాటిలో ఉమామి, అంటే మాంసపు పులుసులో తగిలే ఆ కమ్మటి రుచి, ఎక్కువ; ఉమామి ఒక్కటే ఉంటే వైన్‌లోని చేదు పైకి లేస్తుంది. చప్పగా వేయించిన పుట్టగొడుగులు తిని తాగి చూడండి. తర్వాత ఉప్పు చల్లి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి మళ్ళీ చూడండి. వేరే వైన్ పోశారా అనిపిస్తుంది.

ఆర్టిచోక్ అనే మొగ్గ కూర మాత్రం పెట్టకండి. అది తిన్నాక మంచినీళ్ళు కూడా తియ్యగా ఉంటాయి. వైన్ రుచి పూర్తిగా తారుమారు అవుతుంది.

వంటింటిచదువు | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

శాకపాకం చెప్పిన ఉప్పు, నిమ్మ మాట బంగారం. నేను ఇంట్లో కొత్తవాళ్ళకి ఒక చిన్న పరీక్ష పెడతాను, మీరూ చెయ్యండి. సగం గ్లాసు వైన్, ఒక చిటికెడు ఉప్పు, ఒక చిటికెడు పంచదార, ఒక నిమ్మబద్ద.

ముందు ఉత్త వైన్ ఒక గుక్క. నాలుక మీద పంచదార వేసుకుని మళ్ళీ ఒక గుక్క. వైన్ పులిసిపోయినట్టు, చేదుగా, పీలగా ఉంటుంది. నోరు కడుక్కుని ఈసారి నిమ్మబద్ద నాకి తాగండి. వైన్ మెత్తబడుతుంది, పండు ముందుకొస్తుంది. ఉప్పుతోనూ అంతే, చేదు వెనక్కి తగ్గుతుంది. అదే వైన్, అదే నిమిషం.

ఈ పరీక్ష చేసినవాళ్ళు తేనె పూసిన మాంసం, తియ్యటి సాస్‌లు ఈ బ్లెండ్ పక్కన ఇక పెట్టరు. నా లెక్కలో మాంసమా కూరగాయా అన్న ప్రశ్న కంటే అందులో ఉప్పెంత, పులుపెంత, తీపెంత అన్నదే పెద్దది.

మూడోగ్లాసు | శుక్రవారం, మధ్యాహ్నం 3:25

ఇప్పుడే చేశాను. పంచదారతో నిజంగానే తాగలేకపోయాను. చాక్లెట్‌తో రెడ్ వైన్ అని ఒకసారి విందులో ఇచ్చారు, అప్పుడు ఎందుకు బాగోలేదో ఇప్పుడు అర్థమైంది.

పిన్నిగారూ, ముక్కు సంగతి చెప్పినందుకు రుణపడి ఉంటాను. ఆరేళ్ళ దిగులు తీరింది.

రాళ్ళదారి | శుక్రవారం, రాత్రి 8:20

ఆలస్యంగా చూశాను. ఈ బ్లెండ్ పుట్టిన ఊళ్ళలో నేను తొమ్మిది రోజులు నడిచాను, ఆ నేల గురించి రాయకుండా ఉండలేను.

వాటిలో ముఖ్యమైన ఊరు షాతోనఫ్ ద్యు పాప్. ఆ పేరుకి, కాథలిక్ మతాధిపతి పోప్ గారి కొత్త కోట అని అర్థం. పోప్‌లు 1309లో దగ్గర్లోని అవిన్యోన్‌కి మకాం మార్చారు, వాళ్ళలో 22వ జాన్ ఈ ఊళ్ళో వేసవి విడిది కట్టించాడు. ఇప్పుడు మిగిలింది ఒక బురుజు గోడ. కోట ఎప్పుడో పాడుబడింది, నిలిచి ఉన్న బురుజులో సగాన్ని 1944లో వెనక్కి పోతూ జర్మన్ సైన్యం పేల్చేసింది. ఆ గోడ నీడలో నిలబడి చూస్తే కింద తోటలు, తోటల్లో నేల కనబడదు. కొబ్బరికాయంత గుండ్రాళ్ళు పరిచినట్టుంటాయి. పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని తీగలకి వదులుతాయి. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి కొడుతుంది. తీగల్ని అందుకే పందిరి ఎక్కించరు, పొట్టి పొదల్లా పెంచుతారు. ఆ గాలికి ఆకుల తేమ ఆరిపోయి తెగుళ్ళు తగ్గుతాయి.

ఇక్కడ 13 ద్రాక్షలు వాడచ్చు, రంగు భేదాలతో విడివిడిగా లెక్కపెడితే 18. ఏది ఎంత కలపాలన్న నియమం లేదు. బోకాస్టెల్ అనే వైన్ తోట వాళ్ళు 13నీ పండిస్తారు. రయాస్ అనే చోట దాదాపు మొత్తం గ్రెనాషే, అదీ గుండ్రాళ్ళ మీద కాదు, ఇసుక నేలలో. ఆ వైన్ రంగు చూస్తే పలచనిదని మోసపోతాం. దానికి దోబ్ పెడితే వైన్ కనబడకుండా పోతుంది. కాల్చిన కోడి చాలు.

ఇప్పుడు వంటకి పనికొచ్చే మాట. 1923లో బారన్ ల రువా అనే ఆయన ఈ ఊరి వైన్‌కి నియమాలు రాయించాడు. ఏ వైన్‌కి ఏ ఊరి పేరు చెల్లుతుందో చెప్పే ఫ్రాన్స్ అపెలాసియోన్ చట్టాలకి అదే పునాది, ఈ ఊరికి 1936లో ఆ గుర్తింపు వచ్చింది. ఏ నేలకి ఈ పేరు చెల్లుతుందో తేల్చడానికి ఆయన పట్టుకున్న కొలబద్ద ఏమిటో తెలుసా? లావెండర్, థైమ్ రెండూ పక్కపక్కన పెరిగే ఎండు నేల. నిదానపుసెగ గారు దోబ్‌లో వెయ్యమన్న థైమ్ అదే. తోటల గట్ల మీద నలిపి వాసన చూశాను, సాయంత్రం గ్లాసులో మళ్ళీ ఆ వాసనే తగిలింది. ఆ పొదల నేలని వాళ్ళు గారీగ్ అంటారు. అక్కా, కూరలో థైమ్, రోజ్‌మేరీ ఏదో ఒకటి పడనివ్వు.

ఈ ఊరి మేయరు 1954లో ఎగిరే పళ్ళేలు ఊరి పరిధిలో దిగకూడదని ఉత్తర్వు జారీ చేశాడు. ఆ ఉత్తర్వు గుర్తుగానే కాలిఫోర్నియాలో రాండల్ గ్రామ్ అనే వైన్ తయారీదారు తన ఈ రకం బ్లెండ్‌కి ల సిగార్ వొలాన్ అని పేరు పెట్టాడు. ఆ పేరుకి ఎగిరే చుట్ట అని అర్థం, ఆ ఉత్తర్వులో పళ్ళేలతో పాటు ఎగిరే చుట్టల పేరూ ఉంది.

కొత్తచిగురు | శుక్రవారం, రాత్రి 9:05

నేను ఇంకా ఒక్క సీసా కూడా కొనలేదు. కోత్ ద్యు రోన్, జిగొందాస్, బాందోల్, ఆస్ట్రేలియా జీఎస్ఎమ్... అన్నీ ఒకటేనా? ఏది దేనితో?

మిరియాలగింజ | శుక్రవారం, రాత్రి 9:48

ఒకే కుటుంబం, స్వభావాలు వేరు. కోత్ ద్యు రోన్ రోజువారీది. కాల్చిన సాసేజ్, టొమాటో పాస్తా, కోడి, పప్పుగింజలు, దేనితోనైనా కూర్చోబెట్టచ్చు. పేరు వెనక విలాజ్ అని ఉంటే నియమాలు కాస్త బిగువు, వైన్ కాస్త చిక్కన. జిగొందాస్ కొండ అంచు ఊరు, 1971 నుంచి సొంత పేరుంది. గ్రెనాష్ ముఖ్యం, కండ ఎక్కువ, గొర్రె కాలు అడుగుతుంది. పక్క ఊరు వాకేరాస్‌కి 1990లో పేరొచ్చింది, దాదాపు అదే దారి.

బాందోల్ రోన్ కాదు, సముద్రపు ఒడ్డున ప్రొవాన్స్. అక్కడ పెత్తనం మూర్వెద్ర్‌ది, సగానికి తగ్గకూడదు. 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. లేత వయసులో తెరిస్తే దవడలు పట్టేస్తుంది. అడవి మాంసం, ఎముకతో ఉడికించిన కూరలు, లేదా పదేళ్ళ ఓపిక.

ఆస్ట్రేలియాలో పొడి అక్షరాలతో చీటీ మీద వేసేది వాళ్ళే ఎక్కువ. మూర్వెద్ర్‌ని మటారో అని కూడా పిలుస్తారు. బరోసా లోయలో నూరేళ్ళు దాటిన తీగలు అంటు కట్టకుండా సొంత వేళ్ళ మీద బతికి ఉన్నాయి, ఎందుకంటే యూరప్ తోటల్ని తినేసిన ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు. ఆ వైన్లలో పండు మరీ పక్వంగా, దాదాపు తియ్యగా తోస్తుంది. నిప్పుల మీద కాల్చిన వాటికి అవి.

నీ మొదటి సీసా కోత్ ద్యు రోన్ చేసుకో.

ద్రాక్షపందిరి | శనివారం, ఉదయం 10:30

గొర్రె భుజం రాత్రంతా నానింది, ఇప్పుడే తడి ఒత్తి వేయించాను. ఇల్లంతా నారింజ వాసన. ఒక ప్రశ్న. రేపు వైన్‌ని డికాంటర్‌లో, అంటే గాలి తగిలే వెడల్పు గాజు పాత్రలో, పొయ్యాలా, సీసాలోంచే పొయ్యచ్చా?

మిరియాలగింజ | శనివారం, ఉదయం 10:41

పొయ్యి. గంట ముందు. మూర్వెద్ర్, సిరా సీసాలో ఊపిరాడక గంధకపు వాసన పట్టి ఉంటాయి, గాలి తగిలితే పోతుంది.

రాళ్ళదారి | శనివారం, ఉదయం 11:15

నేను ఒప్పుకోను. ఇందులో గ్రెనాష్ 60. గాలికి ముందు నష్టపోయేది అదే. గంటసేపు వెడల్పు పాత్రలో పెడితే ఆ స్ట్రాబెర్రీ వాసన భోజనం మొదలయ్యేలోపే సగం పోతుంది. అక్కా, ఏ సంవత్సరపు పంట?

ద్రాక్షపందిరి | శనివారం, ఉదయం 11:20

చీటీ మీద ఉన్న సంవత్సరం చూస్తే మూడేళ్ళది.

వంటింటిచదువు | శనివారం, మధ్యాహ్నం 12:05

బిరడా తీసి ఒక చిన్న గుక్క రుచి చూడు తల్లీ. అగ్గిపుల్ల వాసన, ఉడికిన గుడ్డు వాసన వస్తే డికాంటర్‌లో పోసి మళ్ళీ సీసాలోకి ఒంపెయ్యి, అంతవరకే. తడి అట్టపెట్టె, బూజు వాసన వస్తే అది బిరడా దోషం, ఎంత గాలి పెట్టినా పోదు, రెండో సీసా తెరువు. ఏ వాసనా లేకపోతే నేరుగా గ్లాసుల్లోకి. వైన్‌ని అడగకుండా ఇక్కడ మనం వాదించుకుంటే ఎలా?

మిరియాలగింజ | శనివారం, మధ్యాహ్నం 12:20

పిన్నిగారి మాటే సరి. గంట అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ద్రాక్షపందిరి | సోమవారం, ఉదయం 8:10

నిన్న రాత్రి జరిగింది వివరంగా రాస్తున్నాను. మీ అందరికీ ఆ హక్కుంది.

సీసా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను. తియ్యగానే కొంచెం అగ్గిపుల్ల వాసన వచ్చింది, భయపడ్డాను. పిన్నిగారు చెప్పినట్టు ఒకసారి ఒంపి తిరగపోశాను. ఐదు నిమిషాలకి ఆ వాసన లేదు.

మొదట ఉప్పు ఆలివ్‌లు, వేయించిన బాదం పెట్టాను. రెండో గుక్కకే మా ఆయన "ఇది పోయినేటి వైనేనా?" అని అడిగారు. కాదు, కానీ ఆ రకమే. దోబ్ గిన్నె మూత తీశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిదానపుసెగ గారూ, మర్నాటి రుచి అన్నమాట ఎంత నిజమో! పులుసు చెంచాకి అంటుకుంటోంది. ఉప్పు నేను వెయ్యనే లేదు, ఆలివ్‌లే చాలాయి.

మామగారి కోసం దోబ్‌లో ఏమీ కలపలేదు. పొగపెట్టిన తియ్య మిరప పొడి, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి చిన్న గిన్నెలో విడిగా పెట్టాను. ఆయన మొదట మొహం చిట్లించారు, తర్వాత రెండుసార్లు వేసుకున్నారు. వైన్ వాసన చూసి, ఎవరూ ఏమీ చెప్పకుండానే "మిరియాలు వేశావా దీంట్లో?" అన్నారు. మా ఆయనకి ఎంత ప్రయత్నించినా తగల్లేదు. మూడోగ్లాసు గారూ, మీకు మా ఇంట్లో తోడు దొరికారు. ఆ ఐదోవంతు మంది సంగతి చెప్తే మామగారు గ్లాసు ఆరుగురికీ తిప్పి ఒక్కొక్కర్నీ అడిగారు. ఇద్దరికి తగల్లేదు.

ఇక ఆడపడుచు. వంకాయ అంచులు మాడనివ్వాలంటే నా చెయ్యి ఆడలేదు, కానీ శాకపాకం గారి మాట మీద వదిలేశాను. తను తింటూ తింటూ ఆగి, ఈ ఇంట్లో మొదటిసారి నా పళ్ళెం కోసం వైన్ తెరిచినట్టుంది వదినా అంది. నాకు కళ్ళు చెమర్చాయి. మాంసం తినేవాళ్ళు కూడా ఆ వంకాయ మీద పడ్డారు, తనకి రెండోసారి వడ్డించడానికి మిగల్లేదు. అది ఒక్కటే లోటు.

ఒక తప్పు కూడా చేశాను. చివర్లో పళ్ళతో చేసిన తియ్యటి కేకు పెట్టాను, గ్లాసుల్లో వైన్ ఇంకా ఉంది. పంచదార పరీక్ష చదివి కూడా మర్చిపోయాను. అందరూ ఒక గుక్క తాగి ఆపేశారు. ముందు గట్టి జున్ను పెట్టి, గ్లాసులు ఖాళీ అయ్యాక కేకు తేవాల్సింది.

నిదానపుసెగ | సోమవారం, ఉదయం 9:00

కడుపు నిండింది అక్కా. మిగిలిన దోబ్ ఉంటే ముక్కలు చిదిమి పాస్తాలో కలుపు. పులుసు ఒక్క చుక్క పారబొయ్యకు.

జున్ను విషయంలో, బాగా మాగిన గొర్రెపాల జున్ను చూడు, మాంచెగో లాంటిది. నీలం బూజు జున్నులు మాత్రం ఈ వైన్‌ని చేదెక్కిస్తాయి.

మూడోగ్లాసు | సోమవారం, ఉదయం 9:35

మీ ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

ద్రాక్షపందిరి | సోమవారం, రాత్రి 7:50

శాకపాకం గారూ, ఆడపడుచు పొద్దుటినుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. వంకాయకి కొలతలు కావాలట. ఇంకో సీసా ఉంది కదా, వచ్చే ఆదివారం తనే వండుతానంటోంది.

శాకపాకం | సోమవారం, రాత్రి 8:25

ఆరుగురికి పెద్ద వంకాయలు నాలుగు చెప్పండి, ఈసారి అందరూ తింటారు కాబట్టి. వేలి మందం చక్రాలు. ఉప్పు రాసి అరగంట ఉంచి తుడవాలి. నూనె ధారాళంగా రెండువైపులా రాయాలి, పిసినారితనం చేస్తే తోలులా అవుతుంది. 220 డిగ్రీల్లో ఇరవై ఐదు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. టొమాటోలు కిలో, ఆరు వెల్లుల్లి రెబ్బలతో చెంచా నిలబడేంత దగ్గరపడాలి, పంచదార వెయ్యకూడదు. పొరలు పేర్చి, మేకపాల జున్ను 150 గ్రాములు పైన చిదిమి, ఇంకో పావుగంట కాల్చాలి. దింపాక పది నిమిషాలు ఆగి, గోరువెచ్చగా వడ్డించమనండి. పొగలు కక్కే వేడిలో వైన్ రుచి తెలియదు.

తనకి రెండు ముక్కలు ముందే పక్కన తీసిపెట్టండి.